సకుయా అంటే

ఫిబ్రవరి 27, గురువారం

ఆసుపత్రినుంచి ఇంటికొచ్చాక ఒక్క పూటైనా కూర్చుని అన్నం తిన్న గుర్తు లేదు. పాపకు పచ్చకామెర్లు ఇంకా తగ్గలేదట, రేపు మళ్ళీ రక్తపరీక్షకు రమ్మన్నారు. ఆ చిన్న మడమకు మళ్ళీ సూది. పాలు సరిగ్గా పడటం లేదు. కిటికీ ముందునుంచి ఎల్‌ఆర్‌టీ రైలు వెళ్ళిన ప్రతిసారీ పాప ఉలిక్కిపడి లేస్తోంది. సెంగ్‌కాంగ్‌లో ఈ ఫ్లాట్ చూసినప్పుడు "స్టేషన్ ఎంత దగ్గరో" అని మురిసిపోయింది నేనే. ఎవరిని తిట్టుకోను?

వీటన్నిటి మీద పేరు రగడ ఒకటి.

పేరు అభిజిత్ తెచ్చాడు. పోయిన ఏడాది బ్యాంకు పని మీద టోక్యోలో ఉన్నప్పుడు, ఒక ఆదివారం ఆఫీసువాళ్ళతో కలిసి ఫుజీ కొండ దగ్గర ఏదో గుడికి వెళ్ళాడట. అక్కడి దేవత పేరు కోనోహనా సకుయా హిమె. చెట్లకు పూలు పూయించే రాకుమారి అని అర్థం చెప్పారట. తిరిగొచ్చిన రోజే, సూట్‌కేసు కూడా విప్పకుండా, "అమ్మాయి పుడితే సకుయా" అన్నాడు. నాకు విన్న వెంటనే నచ్చేసింది. మూడక్షరాలు. ఇక్కడి చైనావాళ్ళు, మలయ్‌వాళ్ళు, మనవాళ్ళు ఎవరైనా పలకగలరు. ఉజ్వల అన్న నా పేరును ల్యాబ్‌లో పదేళ్ళుగా "ఉజీ" చేసి పారేశారు. నా కూతురికి ఆ బాధ ఉండకూడదు.

అత్తయ్యకు నచ్చలేదు.

"పువ్వు పేరే కావాలంటే మల్లిక లేదా, మందార లేదా? జపాను దాకా ఎందుకెళ్ళడం? అదీగాక జ్యేష్ఠా నక్షత్రం. యా గానీ యూ గానీ ముందు రావాలి."

"యా చివర్లో ఉందిగా అమ్మా" అన్నాడు అభిజిత్.

"ముందు రావాలన్నాను. సాకయ్య అంటే మగపిల్లాడనుకుంటారు."

"సాకయ్య కాదత్తయ్యా, సకుయా."

"అదేనమ్మా, సాకియా."

చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఈ సంభాషణ నాలుగుసార్లు చేశాను. ఐదోసారి లేచి స్నానానికి వెళ్ళిపోయాను.

మార్చి 1, శనివారం

కామెర్లు తగ్గాయి. నిద్ర లేదు.

మార్చి 4, మంగళవారం

ఇది రాయకపోతే ఎవరి మీదో అరిచేస్తాను.

ఇవాళ ఆఫీసుకు వెళ్తూ బూట్లు వేసుకుంటూ, తల ఎత్తకుండా అభిజిత్ అన్నాడు. "అమ్మ వేళ్ళ మీద లెక్కపెడుతోంది, ఉజ్జీ."

"ఏం లెక్క?"

"నెలలు. పాతకాలం మనిషి కదా. నువ్వు పట్టించుకోకు."

పట్టించుకోకూడనిదైతే నాకెందుకు చెప్పినట్టు?

లెక్క ఏమంత కష్టమైనది కాదు. అభిజిత్ మేలో టోక్యో వెళ్ళాడు, అక్టోబరులో వచ్చాడు. మధ్యలో జూన్ చివర ఒకే ఒక్క శనివారం ఇంటికొచ్చి, ఆదివారం సాయంత్రం విమానం ఎక్కేశాడు. ఆ ఒక్క రాత్రే. ఆ రాత్రి పుణ్యమే ఈ పాప. నెల ముందే వచ్చేసింది. అయినా రెండు కిలోల ఎనిమిది వందలుంది. "ముందే పుట్టిన పిల్లలా లేదే" అని చూడటానికొచ్చిన వాళ్ళంతా మెచ్చుకుంటుంటే నేను పొంగిపోయాను. ఆ మెచ్చుకోళ్ళు అత్తయ్య చెవిలో ఇంకోలా పడుతున్నాయని నాకేం తెలుసు?

మొదటి స్కాన్‌లోనే డాక్టరమ్మ పిండం వయసు చూసి తేదీ చెప్పింది. ఆ స్కాన్ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద నెలలపాటు వేలాడింది. రోజూ పాలు తీసే ప్రతివాళ్ళూ దాన్ని చూశారు.

అభిజిత్ పాపం మధ్యలో నలిగిపోతున్నాడు. అతను అలాంటివాడు కాదు.

మార్చి 6, గురువారం

నిజమే. నా కళ్ళతో చూశాను. అత్తయ్య పాపకు నూనె రాస్తూ, బొటనవేలితో మిగిలిన వేళ్ళ గణుపులు తాకుతూ పెదవులు కదుపుతున్నారు. నన్ను చూసి ఆపేశారు.

మధ్యాహ్నం ఆవిడ వడ్డించిన పథ్యం తినలేదు. ఆకలి లేదన్నాను. ఆకలితో కడుపు మండిపోయింది.

మార్చి 9, ఆదివారం

అభిజిత్‌తో మొదటిసారి గొడవ. గొడవ అనొచ్చో లేదో, అరిచింది నేనొక్కదాన్నే.

అత్తయ్య కింద మార్కెట్‌కు వెళ్ళారు. పాప నిద్రపోతోంది. అతను వచ్చి మంచం అంచున కూర్చుని, చాలాసేపు దుప్పటి మడత సరిచేశాడు.

"ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. ఈ రోజుల్లో టెస్ట్‌లు చాలా సింపుల్. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పితే చాలు."

"ఏ టెస్ట్?"

"అదే. డీఎన్ఏ. నాకోసం కాదు. అమ్మ నోరు మూయించడానికి. కాగితం చూపిస్తే ఇంకెప్పుడూ మాట్లాడదు."

"అత్తయ్య అడిగారా?"

"అడిగినట్టే."

"స్కాన్ చూపించు."

"అమ్మకు స్కాన్‌లు ఏం అర్థమవుతాయి?"

"డీఎన్ఏ అర్థమవుతుందా?"

నేను వద్దన్నాను. ఒకసారి కాదు, ఎన్నిసార్లో. నా బిడ్డ నోట్లో ఎవరి అనుమానం కోసమూ పుల్ల పెట్టనివ్వనన్నాను. "సరే, సరే, వదిలెయ్" అని లేచి, తలుపు దగ్గర ఆగి, "శ్యాంసుందర్ వాళ్ళను బాలసారెకు పిలిచావా?" అన్నాడు.

పిలవకుండా ఎలా ఉంటాను? శ్యాంసుందర్ మా పక్క ల్యాబ్. ఆగస్టులో ల్యాబ్‌లో నేను కళ్ళు తిరిగి పడిపోతే తన కార్లో క్లినిక్‌కు తీసుకెళ్ళాడు. అతని భార్య కల్పన ఆ వారమంతా మా ఇంటికి రసం, అన్నం పంపించింది. "పిలిచాను" అన్నాను.

"చాలా హెల్ప్ చేశాడు కదా, నేను లేనప్పుడు" అన్నాడు అభిజిత్.

కృతజ్ఞతతోనే అన్నాడు.

మార్చి 12, బుధవారం

హరుకా వచ్చింది. ల్యాబ్‌లో నా పక్క బల్ల. ఒసాకా అమ్మాయి. పాపకు మెత్తటి తెల్ల బట్టలు తెచ్చింది. పేరు చెప్పగానే ముఖం వెలిగిపోయింది.

"కథ తెలిసే పెడుతున్నారా?" అంది.

"పూల దేవత కదా?"

"పూలు సరే. మా దేశంలో ఆడవాళ్ళు సుఖంగా కాన్పు కావాలని మొక్కుకునేది ఈమెకే. ఎందుకో తెలుసా?"

తెలియదన్నాను. హరుకా పాపను భుజం మీద వేసుకుని హాల్లో అటూ ఇటూ నడుస్తూ చెప్పింది.

సూర్యదేవత మనవడు నినిగి ఆకాశంనుంచి భూమి మీదికి దిగొచ్చాడు. సముద్రం ఒడ్డున సకుయాను చూసి మనసుపడి పెళ్ళాడాడు. ఒక్క రాత్రి కలిసి ఉన్నారు. ఆమె నెల తప్పింది. వచ్చి ఆ మాట చెబితే అతను, "ఒక్క రాత్రికేనా? ఇది నా బిడ్డ కాదు, ఈ నేల మీది ఏ దేవుడి బిడ్డో" అన్నాడు. ఆమె తలుపులు లేని గుడిసె కట్టించుకుంది. లోపలికి వెళ్ళి సందులన్నీ మట్టితో మెత్తేసింది. "పరాయి బిడ్డయితే క్షేమంగా పుట్టదు, నీ బిడ్డయితే ఏమీ కాదు" అని చెప్పి, నొప్పులు మొదలయ్యాక తన చేత్తో తనే గుడిసెకు నిప్పు పెట్టుకుంది. ఆ మంటల్లోనే ముగ్గురు మగపిల్లల్ని కంది.

నా వీపు మీద చెమట పట్టింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

వంటింటి గుమ్మంలో అత్తయ్య నిలబడి, "ఏంటమ్మా చెప్తోంది ఆ అమ్మాయి? పాప పేరు వినపడింది" అన్నారు.

చెప్పాను. ఒక్క ముక్క వదలకుండా తెలుగులో చెప్పాను. "ఒక్క రాత్రికేనా అన్నాడట" అన్న చోట ఆవిడ కళ్ళలోకి చూస్తూ ఆగాను. గుచ్చుకోవాలనే ఆగాను.

అత్తయ్య చేతిలోని గరిటె గట్టు మీద పెట్టేశారు. "అలా అనడానికి వాడికి నోరెలా వచ్చింది? తనూ ఉన్నాడుగా ఆ రాత్రి, ఆవిడొక్కతే ఉందా?" అన్నారు. కాసేపాగి, "ఇది మనకు తెలియని కథా ఏంటి? వాడూ సూర్యవంశమేనా, సరిపోయింది" అంటూ లోపలికి వెళ్ళారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత నటన.

మార్చి 13, గురువారం

బాలసారె అయిపోనీ. అప్పుడు ముఖాన్నే అడిగేస్తాను ఆవిడను.

మార్చి 15, శనివారం

అయిపోయింది. ఎలా అయిందో రాస్తాను.

పాతికమంది వచ్చారు. ఉయ్యాల అద్దెకు తెచ్చి చామంతులు కట్టాం. పళ్ళెంలో బియ్యం పోసి అత్తయ్య తన ఉంగరం తీసి అభిజిత్ చేతికిచ్చారు. తండ్రి ఉంగరంతో బియ్యంలో పేరు రాయాలి, ఆ తర్వాత పాప చెవిలో మూడుసార్లు చెప్పాలి. అందరూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు.

అభిజిత్ పైన శ్రీకారం చుట్టాడు. ఆగాడు. ఉంగరం బియ్యం మీద ఆనించి అలాగే ఉండిపోయాడు. స్పెల్లింగ్ మర్చిపోయాడా అని ఎవరో నవ్వారు. నేను "స" అని అందించాను.

అతను "పాప" అని రాసి ఉంగరం పక్కన పెట్టేశాడు.

"పేరు ఇంకా ఫైనల్ చేయలేదు" అన్నాడు అందరికీ వినపడేలా. "రిజిస్టర్ చేయడానికి టైముంది కదా."

తను తెచ్చిన పేరు. సూట్‌కేసు విప్పకముందే చెప్పిన పేరు. ఐదు నెలలుగా నా పొట్టకు ముఖం ఆనించి పిలిచిన పేరు.

కల్పన నా వైపు చూసింది. నేను నవ్వాను. అత్తయ్య గొడవ చేస్తారని భయపడ్డాడని అప్పుడు అనుకున్నాను. కానీ అత్తయ్య ముఖం కూడా నాలాగే పాలిపోయింది. అదెందుకో నాకు తోచలేదు.

శ్యాంసుందర్ పాపను ఎత్తుకోబోతే అభిజిత్ మధ్యలోకి వచ్చి, "పాలు తాగే టైము" అన్నాడు. పాప పాలు తాగి పావుగంట కూడా కాలేదు.

బాగా అలసిపోయి ఉంటాడు. ఉదయంనుంచి నిలబడే ఉన్నాడు.

మార్చి 17, సోమవారం

అడిగాను.

అభిజిత్ ఆఫీసుకు వెళ్ళాక, పాపకు నీళ్ళు పోయడం అయ్యాక. అత్తయ్య కాళ్ళు చాపుకుని పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని సాంబ్రాణి పొగ వేస్తున్నారు. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అత్తయ్యా, టెస్ట్ చేయించమని మీరెందుకు అడిగారు?"

"ఏం టెస్టు? కామెర్లది మళ్ళీ చేయాలా?"

"పాప అభిజిత్ బిడ్డా కాదా అని."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. తర్వాత పాప కాళ్ళ మీద కొంగు కప్పారు, చలేసినట్టు.

"నేనా? నేనా అడిగింది?"

"మీరు నెలలు లెక్కపెట్టారు. నేను చూశాను."

"పెట్టాను. ఎనిమిదో నెల పిల్లలు నిలవరంటారు మా వైపు. నా మొదటి బిడ్డ ఎనిమిదో నెలలోనే పుట్టి మూడోనాడు పోయాడు. ఇది తొమ్మిదో నెలలో పడ్డ పిల్లా కాదా అని రోజూ లెక్కేసుకుంటున్నాను. పడింది. తొమ్మిది పడి నాలుగు రోజులైంది. అయినా మళ్ళీ మళ్ళీ లెక్కేసుకుంటున్నాను. నీతో అంటే భయపడతావని అనలేదు." గొంతు తగ్గించారు. "ఎవరు చెప్పారమ్మా, నేను అడిగానని?"

నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆవిడకు ఉన్నది ఒక్కడే కొడుకు.

సాంబ్రాణి ఆరిపోయింది. "నేను వాణ్ణి అడగనా?" అన్నారు.

"వద్దు. ఇప్పుడే వద్దు."

ఎందుకు వద్దన్నాను? అడిగితే అతనేం చెబుతాడో వినాల్సి వస్తుందని.

మార్చి 18, మంగళవారం

ఇంతకుముందు రాసినవన్నీ మళ్ళీ చదివాను. అతను అలాంటివాడు కాదు అని రాసుకున్నాను. కృతజ్ఞతతోనే అన్నాడు అని రాసుకున్నాను. అలసిపోయి ఉంటాడు అని రాసుకున్నాను. ఎవరు చదువుతారని అంత అందంగా రాశాను?

అడగలేదు. సాయంత్రం వచ్చాడు, చారు బాగుందన్నాడు, పాపకు డైపర్ మార్చాడు. అందులో ఏ లోపమూ లేదు. అదే భరించలేకపోతున్నాను.

మార్చి 20, గురువారం

రేపు అడుగుతాను.

మార్చి 22, శనివారం

నేను అడగక్కర్లేకపోయింది.

పొద్దున్నే ఎటో వెళ్ళి, లిటిల్ ఇండియానుంచి మల్లెపూలు, మైసూర్‌పాకు తీసుకుని పదకొండింటికి వచ్చాడు. ముఖం చూస్తే, కొన్ని నెలల తర్వాత గడ్డం గీసుకున్న మనిషిలా ఉన్నాడు. పాపను ఎత్తుకుని నుదుటి మీద, పాదాల మీద ముద్దులు పెట్టాడు. నన్ను బెడ్రూములోకి పిలిచాడు.

"అంతా క్లియర్ అయిపోయింది, ఉజ్జీ."

"ఏం క్లియర్ అయింది?"

"కోపం తెచ్చుకోకు. చేయించాను. రిజల్ట్ ఇవాళ వచ్చింది. అసలు డౌటే లేదు, నా బిడ్డే." చెబుతూ నవ్వేశాడు. నిజంగా ఆనందంతోనే. "ఇంక దీని గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోవద్దు. సోమవారమే పేరు రిజిస్టర్ చేసేద్దాం. సకుయా."

నాకు మొదట వచ్చిన ప్రశ్న చాలా చిన్నది. "ఎప్పుడు?"

"ఏది?"

"దూది."

"నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు. ఒక్క నిమిషం. ఏడవలేదు కూడా. పాలనుకుని చప్పరించింది."

మంచం మీద కూర్చున్నాను. పాలనుకుని చప్పరించింది.

"నేను వద్దన్నాను" అన్నాను.

"తెలుసు. కానీ అమ్మ..."

"అత్తయ్యను పిలవనా?"

"ఇప్పుడెందుకు? వద్దు."

పిలవక్కర్లేదు. గుమ్మంలోనే ఉన్నారు. చేతికి పిండి ఉంది.

"నా పేరెందుకు వాడుకున్నావురా?" అన్నారు.

అభిజిత్ పాపను భుజం మీద ఇటునుంచి అటు మార్చుకున్నాడు. "అమ్మా, నువ్వు నెలలు లెక్కపెట్టావు..."

"నేను పిల్ల బతకాలని లెక్కపెట్టాను. నువ్వెందుకు లెక్కపెట్టావు?"

ఎల్‌ఆర్‌టీ వెళ్ళింది. పాప ఉలిక్కిపడింది, అతను వీపు నిమిరాడు.

"అంతదూరంలో ఒక్కడినే ఉన్నాను" అన్నాడు చివరికి. "ఫోన్ చేసినప్పుడల్లా శ్యాంసుందర్ దించాడు, శ్యాంసుందర్ తీసుకెళ్ళాడు. బుర్రలో ఒకటి దూరింది. పుట్టాక పోతుందనుకున్నాను. పోలేదు. బియ్యంలో ఆ పేరు రాయబోతే చెయ్యి రాలేదు. ఇప్పుడు పోయింది. అంతే, ఉజ్జీ. పోయింది."

"నీకు పోయింది" అన్నాను.

పాపను తీసుకున్నాను. అత్తయ్య మైసూర్‌పాకు డబ్బా తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టారు. ఎవరూ విప్పలేదు.

మార్చి 24, సోమవారం

సారీ చెప్పాడు. నిన్న ఎన్నోసార్లు, ఇవాళ ఉదయం ఒకసారి. చివరిసారి చెప్పినప్పుడు "చెప్పాను కదా" అని కూడా కలిపాడు.

నేను ఏం చేయాలో నాకే తెలియడం లేదు. వెళ్ళిపోవాలా? ఎక్కడికి? నెల నిండీ నిండని పిల్లతో విమానమా? ఆ సకుయాకైతే ఒక గుడిసె ఉంది. నాకు పదమూడో అంతస్తులో ఫ్లాట్ ఉంది, పోపు మాడితేనే పక్కింటావిడ తలుపు కొడుతుంది. ఇలాంటి సమయంలో ఇలాంటి వెటకారాలు తోచడం మీద కూడా కోపంగా ఉంది.

హాల్లో సోఫా మీద పడుకోమన్నాను. పడుకుంటున్నాడు. ఎప్పటిదాకా అని అడిగాడు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

మార్చి 27, గురువారం

హరుకాకు మెసేజ్ పెట్టాను. పిల్లలు క్షేమంగా పుట్టాక నినిగి ఏమన్నాడు అని.

సాయంత్రం జవాబొచ్చింది. కథ రకరకాలుగా చెబుతారట. ఒకదాంట్లో ఇలా అంటాడట: "నా పిల్లలేనని నాకు మొదటినుంచీ తెలుసు. లోకం అనుమానించకూడదనే అలా అన్నాను."

గట్టిగా నవ్వాను. పాప జడుసుకుంది. అత్తయ్య పరిగెత్తుకొచ్చారు. చదివి వినిపించాను. ఆవిడా నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అలాగే ఏడ్చేశారు.

మార్చి 31, సోమవారం

అత్తయ్య వెళ్ళిపోతానన్నారు. "నా ముఖం నీకెలా చూపించను" అంటారు. వద్దన్నాను. ఈ ఇంట్లో నేను కోపం లేకుండా మాట్లాడగలిగేది ఆవిడతోనే. నెల కిందట ఆవిడ వడ్డించిన అన్నం వదిలేశాను. అది కూడా ఆవిడకు చెప్పేశాను. "తెలుసులే, పెరుగు కూడా వేసుకోలేదు" అన్నారు.

ఏప్రిల్ 2, బుధవారం

పేరు నమోదుకు గడువు దగ్గరపడింది. అభిజిత్ నిన్న వచ్చి గుమ్మం అవతలే నిలబడి, "వేరే పేరు పెడదామంటే నాకేం అభ్యంతరం లేదు. నీ ఇష్టం. ఆ పేరు వింటేనే నీకు..." అని ఆపేశాడు.

"నీకా నాకా?" అన్నాను.

రాత్రంతా కాదు గానీ, ఇవాళ ఉదయమంతా ఆలోచించాను. మల్లిక. యామిని. యుక్త. అన్నీ మంచి పేర్లే. ఏదీ నోటికి రావడం లేదు. కడుపులో ఉన్నప్పటినుంచీ దాన్ని నేను పిలిచింది ఒకే పేరుతో.

పూలు, పూలు అని అందరూ అంటారు. కొన్ని వెబ్‌సైట్లు చూశాను. "అర్థం: వికసించే పువ్వు. చిన్నది, మధురమైనది, ఆధునికమైనది." మంటల సంగతి ఒక్కచోట కూడా లేదు. పిల్లకు పేరు వెతుక్కునేవాళ్ళను ఎందుకు భయపెట్టడం అనుకుంటారేమో. కానీ ఆ కథలో నాకు నచ్చింది మంట కాదు, పువ్వు కూడా కాదు. ఆమె అతని ముఖం మీదే చెప్పి లోపలికి వెళ్ళింది. ఎవరి చేతా నిప్పు పెట్టించుకోలేదు. బయటికొచ్చాక ఇంకెవరికీ ఏమీ చెప్పలేదు. జనం గుళ్ళు కట్టింది ఆమెకే. నినిగికి మొక్కుకుని ప్రసవానికి వెళ్ళే ఆడమనిషి ఉందని హరుకా చెప్పలేదు.

అత్తయ్యను అడిగాను. "మీరే చెప్పండి. ఏం పెట్టను?"

పాప గోళ్ళు చూసుకుంటూ, "ఇప్పుడు వేరే పేరు పెడితే అది వాడికోసం మార్చినట్టవుతుంది" అన్నారు. "ఉంచెయ్. నాకు నోరు తిరగదు, తిప్పుకుంటాను."

నేనే ఫోన్‌లో ఫారం నింపాను. సకుయా. చివరి బటన్ నొక్కేముందు అభిజిత్‌ను పిలిచాను.

"ఒక షరతు. దీని పేరుకు అర్థమేమిటని ఎవరడిగినా నువ్వే చెప్పాలి. మొత్తం. పువ్వు అని చెప్పి తప్పుకుంటే కుదరదు."

"ఎవరడిగినానా?"

"ఎవరడిగినా."

తల ఊపాడు. నొక్కాను.

ఏప్రిల్ 9, బుధవారం

ఇంకా హాల్లోనే. శ్యాంసుందర్ వాళ్ళింటికి తను ఒక్కడే వెళ్ళొచ్చాడట. ఏం మాట్లాడాడో నేను అడగలేదు. కల్పన ఫోన్ చేసింది, తీయలేదు. సిగ్గుగా ఉంది. తప్పు చేసింది నేను కాదు కదా, మరి నాకెందుకు సిగ్గు? ఇదీ ఒక చిరాకు.

ఏప్రిల్ 24, గురువారం

పాపకు టీకాలు. పాలీక్లినిక్‌కు ముగ్గురం వెళ్ళాం. అత్తయ్య ఇంట్లో ఉండిపోయారు, సూదులు చూడలేనని.

చాలాసేపు కూర్చోబెట్టారు. పాప ఆకలికి గింజుకుంటోంది, పక్కనెవరో ఫోన్‌లో పాటలు పెద్దగా పెట్టారు, ఏసీ నేరుగా నెత్తి మీద. మా నంబరు దాటిపోయిందేమోనని నేను రెండుసార్లు లేచి అడిగాను. అభిజిత్ "వస్తుందిలే" అన్నాడు. ఆ "లే" వింటే కూడా ఒళ్ళు మండింది. ఈ మధ్య అతనేమన్నా మండుతోంది.

లోపల ఒక పెద్దావిడ నర్సు. చైనా ఆవిడ, చలాకీగా ఉంది. స్క్రీన్ మీద పేరు చదివి, "వావ్, సకుయా. సో నైస్. జాపనీస్ ఆ? మీనింగ్ వాట్?" అంది సూదులు సర్దుకుంటూనే.

నేను నోరు విప్పలేదు. అభిజిత్ వైపు చూశాను. "ఫ్లవర్" అనబోతున్నాడనుకున్నాను. అని ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

"ఒక దేవత పేరు" అన్నాడు ఇంగ్లీషులో. తడుముకుంటూ చెప్పాడు. ఆమె భర్త సంగతి, ఒక్క రాత్రి సంగతి. "భర్త నమ్మలేదు. బిడ్డ తనది కాదన్నాడు. ఆమె నిప్పుల మధ్య కంది. పిల్లలకు ఏమీ కాలేదు. ఆమెకూ ఏమీ కాలేదు." అక్కడ ఆగి, "భర్తదే తప్పు" అన్నాడు.

నర్సు సూది పట్టుకుని ఆగిపోయింది. "అయ్యో. హస్బెండ్ లైక్ దట్ ఆల్సో కెన్ ఆ?" అంది. అలాంటి మొగుళ్ళు కూడా ఉంటారా అని.

"కెన్" అన్నాడు అభిజిత్. "ఉంటారు."

ఆవిడ నా ముఖం చూసింది, అతని ముఖం చూసింది. ఇంకేమీ అడగలేదు.

నాకు జాలి కలగలేదు. గెలిచినట్టూ అనిపించలేదు. ఆ మాటలు అతని నోటితో వినాలని ఇన్నాళ్ళు పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. విన్నాక బిగించిన దవడ నొప్పి మాత్రమే తెలిసింది.

"హూ హోల్డ్ బేబీ?" అంది నర్సు. ఇద్దరిలో ఒకరు పాపను గట్టిగా పట్టుకోవాలి, కాళ్ళు కదలకుండా.

ఇంతవరకూ సూదికి ప్రతిసారీ నేనే పట్టుకున్నాను. అతను చేతులు చాపలేదు. అడగడానికి కూడా ధైర్యం లేక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఇచ్చాను.

సూది దిగగానే సకుయా కెవ్వుమంది. అభిజిత్ కూడా ఏడ్చాడు. ఎందుకని నేను అడగలేదు. నర్సు ఇచ్చిన దూదిని పాప తొడ మీద అదిమి పట్టుకుని, రక్తం ఆగేదాకా వాళ్ళిద్దరి పక్కన నిలబడ్డాను.